తొమ్మిది ఇరవైకి వెస్ట్‌గేట్ దగ్గర

మొదటి రోజు: శనివారం, 2019 నవంబర్ 2

బ్రిస్టల్లో నేను పొద్దున్నే పరుగుకి వెళ్ళే దారిలో హార్‌ఫీల్డ్ చర్చి ఉంది. రెండేళ్ళుగా దాని గోడ పక్కనుంచే పరిగెత్తుతున్నాను. లోపల జాన్ ఫ్రాస్ట్ అనే ఆయన సమాధి ఉందని, ఆయనకి ఒకప్పుడు ఉరి వేసి, తల నరికి, ఒంటిని నాలుగు ముక్కలు చెయ్యమని శిక్ష పడిందని ఈ మధ్యే తెలిసింది. అంత శిక్ష పడ్డ మనిషి తొంభై దాటేదాకా బతికి బ్రిస్టల్లో పోవడమేమిటో అర్థం కాలేదు. తవ్వుకుంటూ పోతే 1839 నవంబర్ 4 తగిలింది. ఓటు హక్కు అడిగిన చార్టిస్టులు, అంటే వేల్స్ లోయల్లోని గని, ఇనుప కార్మికులు, ఫ్రాస్ట్ నాయకత్వంలో న్యూపోర్ట్ పట్టణం మీదికి వెళ్ళి సిపాయిల కాల్పులకి ఎదురైన రోజది. ఆ రోజు సోమవారం. ఈ ఏడాది కూడా నవంబర్ 4 సోమవారమే. నాలుగు రోజులు సెలవు పెట్టేశాను.

సమాధి ఇంటి దగ్గరే ఉంది కదా అని దాన్ని చివరికి ఉంచుకుని ముందు వేల్స్ రైలెక్కాను. న్యూపోర్ట్‌కి అరగంట ప్రయాణం, మధ్యలో సెవెర్న్ నది కింద పొడుగాటి సొరంగం. బయట గాలి ఎంత జోరుగా ఉందంటే న్యూపోర్ట్ స్టేషన్లో దిగిన వాళ్ళందరం టోపీలు చేత్తో పట్టుకునే నడిచాం. నేను ముందు చూడాలనుకున్నది లాంగినిడర్ కొండమీద ఉన్న చార్టిస్టుల గుహ. ఆయుధాలు దాచారంటారు అక్కడ. ఈ గాలిలో ఆ బోడి కొండెక్కడం నా వల్ల కాదని అక్కడే మానేసుకుని నాంటిగ్లో బస్సెక్కాను.

బస్సు నిండా రగ్బీ ముచ్చట్లే. పొద్దున ప్రపంచ కప్పు ఫైనల్లో ఇంగ్లండు దక్షిణాఫ్రికా చేతిలో 32-12తో ఓడిపోయింది. ఇక్కడి జనం సొంత జట్టు గెలిచినంత సంబరంగా ఉన్నారు. దిగేవాళ్ళు ప్రతి ఒక్కరూ డ్రైవరుకి "చీర్స్, డ్రైవ్" అని చెప్పి మరీ దిగుతున్నారు. బ్లేనా వచ్చేసరికి నాకూ అలవాటైపోయింది.

నాంటిగ్లోలో చూడాల్సింది రెండు గుండ్రటి బురుజులు. కోటలేం కావు. 1816 ప్రాంతంలో ఇక్కడి ఇనుప కర్మాగారం యజమానులు బెయిలీలు కట్టించుకున్నవి. శత్రువు ఎవరయ్యా అంటే తమ దగ్గర పనిచేసే కూలీలే. కార్మికులు తిరగబడితే లోపలికెళ్ళి తలుపేసుకోవడానికి. ఒకటి కూలిపోయింది, రెండోది నిలిచే ఉంది. దాని ఇనుప తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తలుపులో రెండు రంధ్రాలున్నాయి, తుపాకి గొట్టం పట్టేంత. వేలు పెట్టి చూస్తే అంచు నున్నగా తగిలింది. తలుపు పోత పోసేటప్పుడే లెక్కేసి పెట్టిన కన్నాలు అన్నమాట. చార్టర్ అన్న మాట పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే ఈ లోయలో ఎవరికి ఎవరంటే భయమో ఆ తలుపు చెబుతుంది.

చార్టర్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. 1838లో లండన్లో ప్రచురించిన ఆరు కోరికల పత్రం అది. ఇరవై ఒక్కేళ్ళు నిండిన ప్రతి మగవాడికీ ఓటు, రహస్య ఓటింగు, పార్లమెంటుకి నిలబడాలంటే ఆస్తి ఉండాలన్న నిబంధన రద్దు, సభ్యులకి జీతం, సమాన నియోజకవర్గాలు, ఏటేటా ఎన్నికలు. ఆడవాళ్ళ ఊసు లేదు. దీనికోసం 12,80,000 మంది సంతకాలు చేసిన అర్జీని 1839 జులైలో పార్లమెంటులో ఓటింగుకి పెడితే 235 మంది వద్దన్నారు, 46 మంది సరేనన్నారు. అంతకుముందే, మే నెలలో, ఈ లోయల్లో ఊరూరా తిరిగి మాట్లాడిన హెన్రీ విన్సెంట్‌ని పట్టుకెళ్ళి మన్మత్ జైల్లో పెట్టారు. అర్జీ పోయింది, మాట్లాడేవాడు జైలుకి పోయాడు. పైగా ఇక్కడ చాలామందికి జీతంలో కొంత కంపెనీ కొట్లోనే ఖర్చుపెట్టాల్సిన పరిస్థితి. బొగ్గూ వాళ్ళదే, బియ్యమూ వాళ్ళదే అన్నట్టు.

ఈ పక్కనే కోల్‌బ్రూక్‌వేల్‌లో జెఫనయా విలియమ్స్ రాయల్ ఓక్ అనే సారాయి కొట్టు నడిపేవాడు. చార్టిస్టు సభలు అక్కడే జరిగేవి. గనుల సంగతి తెలిసిన మనిషి, నాస్తికుడు. న్యూపోర్ట్ మీదికి వెళ్ళిన మూడు దండుల్లో ఒక దాన్ని నడిపించింది ఈయనే.

సాయంత్రం రెండు బస్సులు మారి బ్లాక్‌వుడ్ చేరాను. గది దొరికింది గానీ హీటరు పనిచెయ్యలేదు. దీపావళికి చేసిన మైసూర్ పాక్ నాలుగు ముక్కలు సంచిలో ఉంటే అవి తిని, కోటుతోనే పడుకున్నాను.

రెండో రోజు: ఆదివారం, నవంబర్ 3

బ్లాక్‌వుడ్ పక్కన సిర్హోవీ లోయ మీద 2005లో కట్టిన వంతెనకి చార్టిస్టు వంతెన అని పేరు పెట్టారు. దాని దగ్గర ఎనిమిది మీటర్ల ఎత్తున ఒక చార్టిస్టు విగ్రహం ఉంది. అంతా ఇనుప జాలీ, ఒంట్లోంచి ఆకాశం కనిపిస్తుంది. నాకు విగ్రహాలు చూసి పొంగిపోయే అలవాటు లేదు, మనకి కూడలికొకటి ఉన్నాయి కాబట్టి. కానీ ఇది ఏ ఒక్కరిదీ కాదు. పేరులేని మనిషిది. అది నచ్చింది.

విగ్రహం దగ్గర కుక్కని తిప్పుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి "పొరపాటున వచ్చావా బట్, కావాలనే వచ్చావా?" అన్నాడు. బట్ అంటే ఈ లోయల్లో దోస్తు లాంటి పిలుపు. కావాలనే వచ్చానన్నాను, రేపు పొద్దున రిస్కా నుంచి న్యూపోర్ట్ నడుస్తానన్నాను. ఆయన ఆకాశం వంక చూసి, "వాళ్ళకీ వానే పడింది" అని కుక్కతో వెళ్ళిపోయాడు.

నిజమే, అసలు కథంతా ఆ వానలోనే ఉంది. 1839 నవంబర్ 3 ఆదివారం సాయంత్రం ఫ్రాస్ట్ దండు బ్లాక్‌వుడ్ నుంచి బయల్దేరింది. విలియమ్స్ దండు నాంటిగ్లో, ఎబ్బు వేల్ వైపు నుంచి. గడియారాలు బాగుచేసే విలియమ్ జోన్స్ దండు పాంటిపూల్ నుంచి. మూడూ కలిసి తెల్లారకముందే న్యూపోర్ట్‌లో దిగాలని. రాత్రంతా కుండపోత. బరిసెలు, పాత తుపాకులు, గనుల్లో వాడే గునపాలు పట్టుకుని, చీకట్లో, బురదలో, కొండదారుల్లో వేలమంది. దారిలో ఇళ్ళ తలుపులు కొట్టి ఇష్టం లేని వాళ్ళని కూడా లాక్కెళ్ళారు. ఇది దాచడంలో అర్థం లేదు. ఖాళీ చేతులతో చేసిన శాంతి ఊరేగింపూ కాదిది. అయితే వాళ్ళు నిజంగా రాజ్యాన్ని కూలదోయడానికే వెళ్ళారా, బలం చూపించి భయపెట్టడానికి వెళ్ళారా అన్నదాని మీద చరిత్రకారులు నూట ఎనభై ఏళ్ళుగా కొట్టుకుంటూనే ఉన్నారు.

విలియమ్స్ మనుషులు ఆలస్యమయ్యారు. ఫ్రాస్ట్ వాళ్ళు రిస్కా దాటి వెల్ష్ ఓక్ అనే సత్రం దగ్గర తడిసి ముద్దై వాళ్ళకోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. జోన్స్ దండు ఎంతకీ రాలేదు, చివరిదాకా రానేలేదు. చీకట్లో జరగాల్సింది పట్టపగటికి జారింది.

మధ్యాహ్నం బస్సు పట్టుకుని రిస్కా వచ్చాను. సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. గుడివాడ దగ్గర మా ఊళ్ళో అప్పటికి రాత్రి పదకొండు, ఆయన ఇంకా మేలుకునే ఉన్నారు. ఎక్కడున్నావురా అంటే సంగతంతా చెప్పాను. ఓటు కోసమా అని రెండుసార్లు అడిగారు. మొన్న ఏప్రిల్ 11న ఓటింగు యంత్రం మొరాయించి మా ఊరి బూత్‌లో ఆయన చీకటిపడేదాకా వరసలో నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి. "మరి నువ్వెప్పుడు వేశావురా ఆఖరున?" అన్నారు. నేను రేపటి వాన గురించి మాట్లాడాను.

మూడో రోజు: సోమవారం, నవంబర్ 4

ఆరున్నరకి చీకట్లోనే బయల్దేరాను. రిస్కా నుంచి న్యూపోర్ట్‌కి దాదాపు ఆరు మైళ్ళు. నా లెక్క ఒక్కటే: తొమ్మిది ఇరవైకి వెస్ట్‌గేట్ హోటల్ ముందు ఉండాలి. చార్టిస్టులు అక్కడికి వచ్చింది ఇంచుమించు ఆ వేళకే.

కుండపోత లేదు గానీ, తుంపర ఆగలేదు. రోజర్‌స్టోన్ వచ్చేసరికి కుడి బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. ఆన్‌లైన్లో చవకగా దొరికిందని కొన్న బూటు, అనుభవించాలి కదా. షూ లేసుని చుట్టూ తిప్పి కట్టుకుని నడిచాను. రెండు మైళ్ళకే మడమ ఒరుసుకుపోయి, కాలు ఈడుస్తున్నాను. బ్లాక్‌వుడ్ వాళ్ళు ఇలాగే దీనికి రెండింతల దూరం నడిచారు, రాత్రి నిద్ర లేకుండా, నా రెయిన్‌కోటు లాంటిది లేకుండా. పుస్తకంలో "వాన వల్ల ఆలస్యమైంది" అన్న వాక్యం చదివితే ఒక నిమిషంలో దాటేస్తాం. తడిసిన మేజోడులో దాని బరువు వేరు.

ట్రెడెగర్ పార్కు గేటు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది దాటింది. నన్ను నిలబెట్టేసింది ఈ గడియారమే. ఎందుకంటే ఊళ్ళో సైనికులు అప్పటిదాకా స్టో హిల్ మీద బసలో ఉన్నారు. లెఫ్టినెంట్ బాసిల్ గ్రే, 45వ పటాలం నుంచి ముప్పై మంది దాకా సిపాయిలతో వెస్ట్‌గేట్ హోటల్లోకి వచ్చింది పొద్దున ఎనిమిది దాటాకే. మేయర్ థామస్ ఫిలిప్స్ అడిగితే పంపారు. అంటే మూడు దండులూ అనుకున్నట్టు చీకట్లోనే వచ్చి ఉంటే ఆ హోటల్లో లాఠీలు పట్టుకున్న ప్రత్యేక కానిస్టేబుళ్ళు తప్ప ఒక్క తుపాకీ ఉండేది కాదు. ఆ ఒక్క రాత్రి వాన మేయరుకి గంటలకి గంటలు అప్పిచ్చింది.

స్టో హిల్ ఎక్కుతుంటే సెయింట్ ఊలోస్ చర్చి వస్తుంది, ఇప్పుడది కథీడ్రల్. తిరిగొచ్చేటప్పుడు ఆగుదామని దాటేశాను. అక్కడినుంచి రోడ్డు నిట్టనిలువునా దిగుతుంది. జనం అయిదారుగురు చొప్పున వరసలు కట్టి, కేకలేస్తూ దిగారట ఈ వాలులో. ఏటా నవంబర్ మొదట్లో ఊరివాళ్ళు కాగడాలు పట్టుకుని ఇలాగే దిగుతారని విన్నాను, నాకది చూసే అవకాశం దక్కలేదు. సోమవారం పొద్దున దిగుతున్నది నేనూ, పిల్లల్ని బడికి దింపి వస్తున్న ఇద్దరు తల్లులూ.

తొమ్మిదీ పద్దెనిమిదికి వెస్ట్‌గేట్ ముందున్నాను.

ఇది ఆ కట్టడం కాదు. పాతది పడగొట్టి 1880ల్లో మళ్ళీ కట్టారు. తలుపు తాళం వేసి ఉంది. పాత హోటల్ స్తంభాలు లోపల ఉన్నాయని, వాటిలో తూటా రంధ్రాలు చూపిస్తారని చెబుతారు. నేను చూడలేదు. బయట క్రిస్టఫర్ కెల్లీ 1991లో చేసిన కంచు విగ్రహాలున్నాయి. నేను విగ్రహం దిమ్మె మీద కూర్చుని బూటు విప్పి నీళ్ళు వంపుకున్నాను.

చౌరస్తా ఎంత చిన్నదో ఇక్కడికి వస్తేగానీ తెలియదు. నాలుగు అడుగులు వేస్తే రోడ్డు అవతలికి చేరతాం. వేలమంది కొండ మీంచి దిగి ఈ ఇరుకులోకి తోసుకొచ్చారు. ఉదయం పట్టుకున్న చార్టిస్టులు కొందరు హోటల్లో ఖైదులో ఉన్నారు, మా వాళ్ళని వదలండని అరిచారు. తలుపు దగ్గర తోపులాట. మొదటి గుండు ఎవరు పేల్చారో తేలలేదు, చార్టిస్టుల వైపు నుంచే అన్నవాళ్ళు ఎక్కువ. సిపాయిలు రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో, చెక్క తలుపులు మూసుకుని నిలబడి ఉన్నారు, తుపాకుల్లో గుళ్ళు నింపుకుని. గ్రే, మేయరు ఆ కిటికీ తలుపులు తెరిచారు. మేయరు గాయపడ్డాడు. తర్వాత ఆ కిటికీలోంచి, ఈ ఇరుకులోకి కాల్పులు.

అరగంట కూడా పట్టలేదు. కనీసం ఇరవై రెండు మంది పోయారు, యాభై మందికి పైగా దెబ్బలు తగిలాయి. బరిసెలు వీధి నిండా పారేసి, వచ్చిన కొండ మీదికే పరిగెత్తారు.

పోయినవాళ్ళలో జార్జి షెల్ అని పాంటిపూల్ కుర్రాడు, వడ్రంగం నేర్చుకుంటున్నవాడు, ఇరవై కూడా నిండలేదు. ముందురోజు అమ్మానాన్నలకి ఉత్తరం రాశాడు. ఈ రాత్రి స్వేచ్ఛ కోసం పోరాటానికి వెళ్తున్నాను, దేవుడు బతకనిస్తే త్వరలో కలుస్తాను, లేకపోతే నాకోసం ఏడవకండి, మంచి పనిలో పోయాననుకోండి అని. అది చదివిన దగ్గర్నుంచి నన్నొక లెక్క వదలడం లేదు. చార్టర్ అడిగింది ఇరవై ఒక్కేళ్ళు నిండినవాళ్ళకి. ఆరు కోరికలూ ఆ పొద్దునే ఒప్పేసుకున్నా జార్జి షెల్‌కి ఓటు రాదు.

అదే వీధిలో అక్కర్లేని సామాన్లు అమ్మే ధర్మాదాయం కొట్లో నాలుగు పౌన్లకి బూట్ల జత దొరికింది. ఒక సైజు పెద్దది. అవేసుకుని మళ్ళీ స్టో హిల్ ఎక్కాను.

సెయింట్ ఊలోస్ చర్చి ఆవరణలో పది శవాల్ని నవంబర్ 7 రాత్రి, చీకటి పడ్డాక, పేర్లు లేకుండా పాతిపెట్టారు. ఏ చోటో గుర్తులేదు. ఇప్పుడొక స్మారక ఫలకం ఉంది. దానికింద ఎవరో పెట్టిన పూలు వానకి నాని రంగు దిగిపోయాయి. మేయర్ ఫిలిప్స్‌ని రాణి విక్టోరియా కొద్ది వారాల్లోనే పిలిచి సర్ బిరుదు ఇచ్చింది.

నాలుగో రోజు: మంగళవారం, నవంబర్ 5

పొద్దున మ్యూజియంలో గంట. బరిసె మొనలు గాజు పెట్టెలో ఉన్నాయి. ఊళ్ళో కమ్మరి కొలిమిలో సాగగొట్టిన ఇనుము, సుత్తి దెబ్బలు ఇంకా తెలుస్తున్నాయి. ఒకదాని మెడ వంకర. దానితో తుపాకీ మీదికి వెళ్ళారు.

మ్యూజియం ఉన్న కూడలి పేరు జాన్ ఫ్రాస్ట్ స్క్వేర్. దాని పక్క నడవలో ముప్పై అయిదు మీటర్ల పొడుగున, రెండు లక్షల చిన్న పలకలతో కెనెత్ బడ్ 1978లో చేసిన చార్టిస్టుల చిత్రం ఉండేది. మా ఆఫీసులో ఒకాయన చిన్నప్పుడు రోజూ దాని పక్కనుంచే బడికి వెళ్ళేవాడట. 2013 అక్టోబరులో షాపింగ్ కాంప్లెక్సు కోసం దాన్ని పడగొట్టేశారు. కొత్త భవనం బాగానే ఉంది, కాఫీ కూడా బాగుంది. తాగుతున్నంతసేపూ గోడ ఎటువైపు ఉండేదో అని వెతుక్కుంటూనే ఉన్నాను.

పదకొండున్నర బస్సులో మన్మత్. డిసెంబరు 12న బ్రిటన్‌లో ఎన్నికలని అప్పుడే ప్రకటించారు. కామన్‌వెల్త్ దేశాల పౌరులు ఇక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే ఓటు వెయ్యొచ్చు, మనమూ అందులోకి వస్తాం. మూడేళ్ళుగా తెలుసు, మూడేళ్ళుగా పట్టించుకోలేదు. ఫోన్ తీసి వివరాలు నింపాను. ఆస్తి ఎంత, అద్దె ఎంత అని ఎక్కడా అడగలేదు. పూర్తయ్యేసరికి బస్సు రాగ్లన్ కూడా దాటలేదు.

మన్మత్ షైర్ హాల్ 1724 నాటి రాతి భవనం. పైన కోర్టు గది అలాగే ఉంచారు. ఫ్రాస్ట్ కాల్పుల రోజు సాయంత్రమే న్యూపోర్ట్‌లో ఒక మిత్రుడి ఇంట్లో దొరికిపోయాడు. విలియమ్స్ కార్డిఫ్‌లో ఓడలో దొరికాడు. రాజద్రోహం కేసు. ప్రధాన న్యాయమూర్తి టిండల్, ముద్దాయిల తరఫున ఫ్రెడరిక్ పొలాక్ లాంటి పెద్ద ప్లీడర్లు. జ్యూరీ దోషులే అంటూ, దయ చూపమని కూడా చెప్పింది. 1840 జనవరి 16న శిక్ష: ఈడ్చుకెళ్ళి, ఉరివేసి, తల వేరు చేసి, మొండేన్ని నాలుగు భాగాలు చేసి, ఆ భాగాలు రాణిగారి ఇష్టానుసారం. ముద్దాయిల బోనులో నిలబడనిస్తారు. నిలబడ్డాను. కర్ర కటకటాలు నా నడుము ఎత్తున ఉన్నాయి, చేతులు వాటిమీద పెట్టుకోవడం తప్ప ఇంకేం చెయ్యాలో తోచదు అక్కడ.

ఆ శిక్ష అమలు కాలేదు. దేశమంతా అర్జీలు పోటెత్తాయి, టిండల్ స్వయంగా కలగజేసుకున్నాడు, ఫిబ్రవరి 1న జీవితాంతం ద్వీపాంతరవాసంగా మార్చారు. ముగ్గుర్నీ మాండరిన్ అనే ఓడలో ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మానియాకి పంపేశారు. విలియమ్స్ అక్కడ బొగ్గు కనిపెట్టి నిలదొక్కుకున్నాడు. జోన్స్ గడియారాలు బాగుచేసుకుంటూ పోయాడు. ఫ్రాస్ట్ ఒక్కడే తిరిగొచ్చాడు, 1856లో, పూర్తి క్షమాభిక్ష దొరికాక.

బ్రిస్టల్ చేరేసరికి రాత్రి ఏడు. గై ఫాక్స్ రాత్రి కాబట్టి ఎక్కడ చూసినా బాణాసంచా. మన దీపావళి అయిపోయిన వారానికి వీళ్ళది.

బుధవారం, ఇంటి దగ్గర

పరుగుకి వెళ్ళలేదు, మడమ పుండు. కుంటుకుంటూ హార్‌ఫీల్డ్ చర్చి లోపలికి మొదటిసారి వెళ్ళాను. సమాధి దొరకడానికి కాస్త వెతకాల్సి వచ్చింది. నేను రోజూ మలుపు తిరిగే గోడకి ఇంత దగ్గరలో ఉంటుందనుకోలేదు. బట్టల వర్తకుడు, ఒకప్పటి మేయరు, ఒకప్పటి మేజిస్ట్రేటు, తర్వాత ఖైదీ.

అక్కడినుంచే నాన్నకి ఫోన్ చేశాను. చెప్పిందంతా విని, "మరి వాళ్ళడిగిన ఆరింటిలో ఆయన కళ్ళముందు ఎన్ని జరిగాయిరా?" అన్నారు. లెక్కేశాను. పార్లమెంటుకి నిలబడటానికి ఆస్తి ఉండాలన్న నిబంధన 1858లో పోయింది. రహస్య ఓటింగు 1872లో వచ్చింది. ఫ్రాస్ట్ పోయింది 1877లో.

రెండు, నాన్నా.

"పర్లేదు" అన్నారు. తర్వాత, బూట్లు మంచివి కొనుక్కోమన్నారు.